చూడి డాల్ఫిన్ రక్తం ఏం చెబుతుంది? బరటారియా పది తల్లుల కేసు

2011 ఆగస్టు. అమెరికాలో లూసియానా తీరాన బరటారియా అఖాతం. అంతకు ఏడాది ముందు, 2010 ఏప్రిల్ 20న, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే డ్రిల్లింగ్ రిగ్ పేలి 11 మంది చనిపోయారు. సముద్రం అడుగున ఉన్న బావి 87 రోజులు చమురు కక్కింది. ఆ చమురు దట్టంగా పట్టిన చోట్లలో బరటారియా ఒకటి. అక్కడి బాటిల్‌నోస్ డాల్ఫిన్లలో 32 జంతువులను వలవేసి పట్టి, అక్కడికక్కడే పరీక్షించి వదిలేశారు. వాటిలో పది చూడివని తేలింది. మరుసటి వసంతంలోనో వేసవిలోనో ఈనాలి.

47 నెలలు వెంటబడి చూశాక తేలిన లెక్క ఇది: పదిలో బతికే పిల్లను కన్నవి రెండే.

ఈ తల్లుల్లో ఒక్కదాన్నీ నేను కళ్లారా చూడలేదు. నేను పశువైద్యుణ్ణి. మొదటి ఎనిమిదేళ్లు కృష్ణా జిల్లాలో గేదెల వెంట తిరిగి, తర్వాత సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ప్రొటీన్లు కొలిచే ల్యాబుకు మారాను. అచ్చయిన ఫలితాలను ముందు పెట్టుకుని, బెంచి మీద పనిచేసేవాడి కళ్లతో ఈ కేసును మళ్లీ చదువుతున్నాను. నన్ను వదలని ప్రశ్న ఒకటే. ఆ ఆగస్టులో తీసిన రక్తపు ట్యూబులో ఈ చూడి నిలుస్తుంది, ఇది నిలవదు అని చెప్పగల ప్రొటీన్ ఏదైనా ఉంటుందా? ఉన్నా, దాన్ని చదవడానికి మన చేతిలో ఏం ఉండాలి?

కేసు వివరాలు

బాటిల్‌నోస్ డాల్ఫిన్ చూడి కాలం దాదాపు పన్నెండు నెలలు. ఈతకు ఒక్కటే పిల్ల. ఆ పిల్ల ఏడాదిన్నర, రెండేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పాలు తాగుతుంది. అందుకే ఈతకూ ఈతకూ మధ్య మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది. జీవితం మొత్తం మీద ఈతలే తక్కువ కాబట్టి ప్రతి చూడీ లెక్కలోకి వస్తుంది.

పోల్చి చూడటానికి ఫ్లోరిడాలోని సరసోటా అఖాతం ఉంది. అక్కడ రాండల్ వెల్స్ మొదలైనవాళ్లు 1970 నుంచి ఒకే మందను గమనిస్తున్నారు. వెన్ను రెక్క మీది గాట్లను బట్టి ఏ డాల్ఫిన్ ఏదో గుర్తుపడతారు, ఏ తల్లికి ఏ పిల్లో రాసి పెట్టుకుంటారు. మన ఊళ్లో పాత రైతు కొమ్ము వంపు చూసి గేదె వంశం చెప్పినట్టే. బరటారియాతో పోల్చిన మందలో చూడి నిలిచే రేటు 83 శాతం. బరటారియాలో 20 శాతం. పది జంతువులే కదా, చిన్న నమూనా కదా అనొచ్చు. నిజమే, పదిలో రెండు అంటే అసలు రేటు 2.5 నుంచి 55.6 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కానీ ఆ పై అంచు కూడా 83కి చాలా కిందే ఉంది. తర్వాత 2017లో వచ్చిన మరో అధ్యయనం చర్మం కింది కొవ్వు ముక్కలో చూడిని నిలబెట్టే హార్మోన్ ప్రొజెస్టరాన్ చూసి చూడివాటిని గుర్తించి, వాటి వెంట పిల్ల కనబడిందా లేదా అని చూసింది. చమురు పడిన చోట 19.4 శాతం, పడని చోట 64.7 శాతం. కాబట్టి ఆ పదీ దురదృష్టపు పది కావు.

తల్లుల ఆరోగ్యం సంగతికి వస్తే, బరటారియా జంతువుల్లో మధ్యస్థం నుంచి తీవ్రస్థాయి ఊపిరితిత్తుల జబ్బు సరసోటాతో పోలిస్తే అయిదు రెట్లు. వలలో చిక్కిన జంతువుకు ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎగబాకాలి. వీటిలో అది మందకొడిగా ఉంది, అంటే దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథి దెబ్బతిందని అనుమానం. పరీక్షించినవాటిలో 48 శాతానికి వైద్యులు పరిస్థితి నమ్మకంగా లేదని, లేదా అంతకన్నా అధ్వానమని రాశారు. 17 శాతం బతకవనే అనుకున్నారు. పిల్లను దక్కించుకోలేని తల్లుల్లో 57 శాతానికి అప్పటికే ఆ ఊపిరితిత్తుల జబ్బు నిర్ధారణ అయివుంది.

మందంతా జబ్బుపడి ఉంది. అలాంటప్పుడు తల్లి రక్తంలో వాపు తాలూకు ప్రొటీన్లు పెరిగి కనిపిస్తే అది ఊపిరితిత్తుల వల్లా, గర్భసంచిలో జరుగుతున్న గొడవ వల్లా, లేక మామూలు చూడి వల్లా? ఈ కేసులో అసలు ముడి ఇక్కడే పడింది.

ముందు మాయ సంగతి

రక్తంలో చూడి గుర్తు దొరకడం దొరక్కపోవడం చాలావరకు మాయ (ప్లాసెంటా) నిర్మాణం మీద ఆధారపడుతుంది. మనిషిలో మాయ కణాలు తల్లి రక్తంలోనే మునిగి ఉంటాయి. అందుకే గర్భం నిలిచిన కొద్ది రోజులకే హెచ్‌సీజీ అనే మాయ హార్మోన్ తల్లి రక్తంలోకి, మూత్రంలోకి వచ్చేస్తుంది. మందుల షాపులో పరీక్ష పట్టీ కొనుక్కుంటే చాలు. ఆవులు, గేదెల మాయలో రెండు కేంద్రకాలుండే కణాలు తల్లి వైపుకు చొచ్చుకొచ్చి చూడి గ్లైకోప్రొటీన్లను వదులుతాయి. ఆవులో కట్టించిన 28 రోజుల నుంచే వాటిని ఎలైజా అనే యాంటీబాడీ పరీక్షతో పట్టుకోవచ్చు. గుర్రంలో నలభయ్యో రోజు ప్రాంతాన గర్భసంచి గోడలో తయారయ్యే గిన్నెల్లాంటి నిర్మాణాలు వాటికే ప్రత్యేకమైన గొనడోట్రోపిన్ హార్మోన్‌ను రక్తంలో పోస్తాయి.

డాల్ఫిన్ మాయ పంది, గుర్రాల మాయ తరహాది. గర్భసంచి గోడకు మాయ ఆనుకుని ఉంటుందే గానీ దాన్ని తినేసి లోపలికి వెళ్లదు. తల్లి రక్తానికీ పిల్ల రక్తానికీ మధ్య ఆరు పొరలు. పిల్ల తాలూకు ప్రొటీన్ తల్లి రక్తంలోకి కారే దారి ఇరుకు. తల్లి యాంటీబాడీలు కూడా పిల్లకు ఎక్కువగా ముర్రుపాల ద్వారానే అందాలి. గేదె దూడకు జున్నుపాలు మొదటి గంటల్లోనే పట్టించండి అని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నవాడిగా ఈ విషయం నాకు కొత్త కాదు.

కాబట్టి మనుషుల కిట్టునో గేదెల కిట్టునో తెచ్చి డాల్ఫిన్ సీరం పోస్తే పని జరగదు.

చూడి ఉందా అనే ప్రశ్న

మన ముందున్నవి రెండు ప్రశ్నలు: చూడి ఉందా, ఉంటే నిలుస్తుందా. మొదటిది తేలికైనది. ప్రొజెస్టరాన్ పెరిగితే అండం విడుదలైందని తెలుస్తుంది, అంతే. అది ప్రొటీన్ కాదు, స్టెరాయిడ్. పైగా డాల్ఫిన్లకు ఉత్తుత్తి చూడి వస్తుంది. కుక్కల్లో మనం చూసేదే: పిల్ల లేదు, అయినా ఒళ్లు మాత్రం చూడిలాగే నడుచుకుంటుంది, ప్రొజెస్టరాన్ కూడా ఎక్కువగానే నిలబడుతుంది. ఒక్క రోజు రక్తం చూసి ఏది అసలో ఏది ఉత్తుత్తో విడదీయలేం.

ఇక్కడే రిలాక్సిన్ అనే చిన్న ప్రొటీన్ హార్మోన్ అక్కరకొచ్చింది. కుక్కలో రిలాక్సిన్ ప్రధానంగా మాయ నుంచి వస్తుంది, కాబట్టి మాయ లేకపోతే రక్తంలో అది పెరగదు. పెంపుడు కుక్కల క్లినిక్కుల్లో చూడి నిర్ధారణకు వాడే కిట్టు కొలిచేది దీన్నే. కుక్క రిలాక్సిన్ కోసం తయారుచేసిన రేడియో ఇమ్యూనో పరీక్షను బాటిల్‌నోస్ డాల్ఫిన్ సీరం మీద సరిచూసి, పనిచేస్తుందని చూపించారు. ప్రొజెస్టరాన్, రిలాక్సిన్ రెండూ కలిపి చూస్తే ఉత్తుత్తి చూడిని పక్కకు తీయొచ్చు. నాకు బాగా నచ్చిన పని ఇది. కొత్త యంత్రం లేదు, కొత్త యాంటీబాడీ లేదు. అలమారలో ఉన్న పరీక్ష ఈ జంతువుకు పనికొస్తుందో లేదో ఓపికగా తేల్చారు.

బరటారియాలో ఈ ప్రశ్నకు ఇబ్బంది లేదు, డాల్ఫిన్ పక్కన అల్ట్రాసౌండ్ యంత్రం ఉంది కాబట్టి. చిక్కంతా రెండో ప్రశ్నతోనే.

నిలుస్తుందా అనే ప్రశ్న

గర్భిణి ఈఎస్ఆర్ (ఎర్రకణాలు ఎంత వేగంగా కిందికి దిగుతాయో చూసే పరీక్ష) రిపోర్టు చూసి ఇంట్లోవాళ్లు కంగారుపడటం మీరు చూసే ఉంటారు. అంకె ఎక్కువ ఉంటుంది, డాక్టరమ్మ మాత్రం నిదానంగా ఫరవాలేదమ్మా అంటుంది. గర్భంలో రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ పెరుగుతుంది, దానితో ఈఎస్ఆర్ పెరుగుతుంది. ఈస్ట్రోజెన్ ప్రభావంతో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ పెరుగుతుంది. రక్తంలో నీటి భాగం పెరిగి కాలేయం తయారుచేసే ఆల్బుమిన్ పలచబడుతుంది. ఈ రిపోర్టు మీద గర్భిణి అని రాయకుండా ఎవరికైనా ఇస్తే, ఎక్కడో వాపు ఉంది, కాలేయం కూడా చూడాలి అంటారు. అంకెలు సరైనవే. పక్కన పెట్టి చూసిన కొలబద్ద తప్పు.

డాల్ఫిన్‌కూ ఇదే వర్తిస్తుంది. చూడి లేని ఆడ డాల్ఫిన్ల సగటు పక్కన చూడి డాల్ఫిన్ సీరం పెట్టి జబ్బు అనడం ప్రమాదం. అలాగని ఇదంతా చూడి వల్లేలే అని వదిలేయడమూ ప్రమాదమే. నాలుగో నెలలో ఇంత, ఎనిమిదో నెలలో ఇంత అని నెలల వారీ గీత ఒకటి ఉండాలి. ఆరోగ్యంగా ఈనిన తల్లుల నుంచి, ఒకే తల్లి దగ్గర మళ్లీ మళ్లీ తీసిన రక్తం నుంచి ఆ గీత రావాలి.

అడవి జంతువు నుంచి అది రాదు. మనుషుల సంరక్షణలో ఉన్నవాటి నుంచే వస్తుంది. శాన్ డియేగోలో అమెరికా నౌకాదళం పెంచే డాల్ఫిన్లు, కొన్ని సముద్ర జంతు కేంద్రాల్లోవి, విజిల్ వేస్తే వచ్చి వెల్లకిలా పడుకుని తోక రెక్కను శిక్షకుడి ఒళ్లో పెడతాయి. తోకలోని రక్తనాళం నుంచి సూదితో రక్తం తీసుకోవచ్చు. వల అక్కర్లేదు. పన్నెండు నెలల చూడి అంతటా ఇలా తీసి ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. మన దేశంలో డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి లేదని కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2013లోనే చెప్పింది. ఆ నిర్ణయం నాకు సమ్మతమే. కానీ దాని వల్ల ఈ గీత గీసే పని ఇక్కడ జరగదు. మా దగ్గరికి వచ్చేది శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరం, అదీ ఎండలో కొన్ని గంటలు పడున్నాక. ఆ రక్తంలో ప్రొటీన్ కొలవడం కుళ్లిన చేపను తూచి తాజా ధర కట్టడంలాంటిది.

గీతకు కూడా ఒక షరతు

చెరువు చేపను చూసి సముద్రపు చేప లెక్క చెప్పలేం. 2016లో వచ్చిన ఒక డాల్ఫిన్ సీరం అధ్యయనం దీన్ని అంకెలతో చూపించింది. చూడికి సంబంధం లేని పనే అయినా ఈ కేసు చదివేవాళ్లు దాన్ని దాటిపోకూడదు.

వాళ్లు డాల్ఫిన్ సీరాన్నీ మనిషి సీరాన్నీ ప్రొటీన్ ముక్కల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటరులో నడిపి, ఏ ప్రొటీన్ పరిమాణంలో ఎన్నో స్థానంలో ఉందో పోల్చారు. డాల్ఫిన్‌లో మాత్రమే పైకి తేలినవి పదకొండు. వాటిలో వానిన్-1 అనేదాన్ని విడిగా కొలిస్తే మిల్లీలీటరుకు 31 నుంచి 106 మైక్రోగ్రాములు వచ్చింది. ఆరోగ్యవంతుడైన మనిషిలో ఉండేదానికి 20 నుంచి 1000 రెట్లు. ఇంకా ముఖ్యమైన సంగతి: మనుషుల సంరక్షణలో ఉన్న డాల్ఫిన్లలో సగటు 64, స్వేచ్ఛగా తిరిగేవాటిలో 47. అదే జాతి, అదే ప్రొటీన్. బతికే చోటు మారితే అంకె మారింది. స్వేచ్ఛగా తిరిగేవాటిలో ఈ ప్రొటీన్ కాలేయపు ఎంజైములు పెరిగినకొద్దీ పెరిగింది, తెల్లకణాలు, ఫైబ్రినోజెన్ పెరిగినకొద్దీ తగ్గింది.

కాబట్టి శాన్ డియేగో గీతను నేరుగా బరటారియా మీద పరచలేం. సరసోటా లాంటి చమురు తగలని అడవి మంద నుంచి కొన్ని బిందువులైనా తీసి గీతను కాస్త జరిపి చూడాలి. గీత ఆకారం అక్కడిది, ఎత్తు ఇక్కడిది అన్నమాట.

బెంచి మీద

సీరంలో బరువు లెక్కన 99 శాతం రెండు డజన్ల ప్రొటీన్లదే, అందులో సగానికి పైగా ఆల్బుమిన్ ఒక్కదానిదే. మనకు కావలసిన చిన్న ప్రొటీన్లు ఆ జాతరలో తప్పిపోయిన పిల్లల్లాంటివి. మనుషుల సీరంలో ఆల్బుమిన్‌ను యాంటీబాడీలు నింపిన గొట్టంతో (కాలమ్‌తో) లాగేసి మిగతాది చూస్తారు. ఆ కాలమ్ మనిషి ఆల్బుమిన్ కోసం చేసినది. వేరే జంతువు సీరం పోస్తే కొంత పట్టుకుంటుంది, కొంత వదిలేస్తుంది, ఎంత వదిలిందో చెప్పదు. అందుకే పై అధ్యయనం ఏదీ తీసేయకుండా సీరాన్ని ఉన్నదున్నట్టు నడిపింది. నేనైనా అదే చేస్తాను.

పద్ధతి క్లుప్తంగా ఇదీ: ట్రిప్సిన్ అనే ఎంజైముతో ప్రొటీన్లను లైసిన్, ఆర్జినిన్ దగ్గర ముక్కలు చేయాలి. ముక్కల బరువులను డాల్ఫిన్ జన్యుపటంతో సరిపోల్చి ఏ ప్రొటీనో గుర్తించాలి. జన్యుపటంలో ఖాళీలుంటే ఆ ప్రొటీన్ మనకు కనబడదు. లేనట్టు కాదు, పేరు లేనట్టు. గుర్తించాక అసలు పరిమాణం కావాలంటే అదే ముక్కను బరువైన ఐసోటోపుతో తయారుచేయించి, తెలిసినంత కలిపి, రెండిటి నిష్పత్తి చూడాలి.

ఇంత ఖర్చు పెట్టలేని చోట అగరోజ్ జెల్ మీద ఎలక్ట్రోఫోరెసిస్ (కరెంటుతో ప్రొటీన్లను విడదీయడం) చేసినా ఆల్బుమిన్, ఆల్ఫా, బీటా, గామా పట్టీలు విడివిడిగా దొరుకుతాయి. ఏ ప్రొటీన్ పెరిగిందో చెప్పదు గానీ ఏ వీధిలో గొడవ జరుగుతోందో చెబుతుంది. పాతకాలం పరీక్షని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు పడదు.

నమూనా దగ్గర జరిగే తప్పులే ఎక్కువ. ఫైబ్రినోజెన్ కావాలంటే గడ్డకట్టనివ్వని రక్తపు ద్రవం, ప్లాస్మా, తీయాలి, గడ్డకట్టిన రక్తపు సీరంలో అది ఖర్చయిపోయి ఉంటుంది. కొత్తలో నేను సీరంలో దాన్ని వెతికి, సున్నా వచ్చిందని యంత్రాన్ని తిట్టుకున్నాను. కణాలు పగిలి ఎర్రబడిన సీరంలో హాప్టోగ్లోబిన్ లెక్క నమ్మకూడదు, విడుదలైన హిమోగ్లోబిన్‌ను అది పట్టుకుని కూర్చుంటుంది. ప్రొటీన్లకు ఒక మేలు మాత్రం ఉంది. వలలో చిక్కిన భయానికి కార్టిసాల్ నిమిషాల్లో మారుతుంది, వాపు ప్రొటీన్లు మారడానికి గంటలు పడుతుంది. పట్టుకున్న వెంటనే తీసిన రక్తంలో కనిపించే వాపు వల తెచ్చినది కాదు.

ఉయ్యూరు గేదె నేర్పింది

ల్యాబుకు మారక ముందు ఉయ్యూరు దగ్గర ఒక రైతు గేదెకు చూడి గ్లైకోప్రొటీన్ పరీక్ష చేయించాను. ఉందని వచ్చింది. మూడు వారాలకు ఆయన ఫోన్ చేశాడు.

“చూడి నిలిచిందన్నారు కదండీ డాక్టరు గారూ, మళ్లీ ఎదకొచ్చిందేంటండీ?”

వెళ్లి చేయిపెట్టి చూస్తే గర్భసంచి ఖాళీ. “కాగితం అబద్ధం చెప్పలేదు బాబాయ్, రక్తం తీసేనాటికే పిండం పోయుంటుంది. దాని గుర్తు ఇంకా రక్తంలో తిరుగుతోంది” అన్నాను. ఆయన నమ్మలేదు. ఆయన జాగాలో ఉంటే నేనూ నమ్మను. కానీ ఆ ప్రొటీన్ నెమ్మదిగా పోయే రకం, ఆవుల్లో ఈనిన వారాల తర్వాత కూడా కనబడుతుంది.

అప్పటినుంచి ఏ ప్రొటీన్ చూసినా ముందు దాని ఆయుష్షు అడుగుతాను. మనిషిలో ఆల్బుమిన్ సగం తగ్గడానికి దాదాపు మూడు వారాలు, ఫైబ్రినోజెన్‌కు నాలుగు రోజులు, వాపు ప్రొటీన్ సీఆర్‌పీకి ఒక రోజు లోపే. పొట్టి ఆయుష్షు ప్రొటీన్ ఈ రోజు సంగతి చెబుతుంది, పొడుగు ఆయుష్షుది పోయిన నెల సంగతి. రెండూ ఒకే ట్యూబులో ఉండటం మన అదృష్టం. పొట్టిది మామూలుగా ఉండి ఆల్బుమిన్ బాగా పడిపోయి ఉంటే అది పాత కథ. పొట్టిది ఎగిసి ఆల్బుమిన్ నిలబడి ఉంటే గొడవ ఇప్పుడే మొదలైంది. ఒక్క ట్యూబులోంచి కాలాన్ని కొంతైనా రాబట్టే దారి ఇదే.

పదింటికి మళ్లీ వస్తే

ఆ చూడి పోవడం ఎప్పుడు జరిగివుంటుందో పక్క దారిలో వచ్చిన సమాచారం కొంత చెబుతుంది. 2010 నుంచి 2013 మధ్య లూసియానా, మిసిసిపీ, అలబామా తీరాల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన పసి డాల్ఫిన్లను కోసి పరీక్షించారు. వాటిలో 88 శాతం కడుపులోనో, పుట్టిన వెంటనేనో చనిపోయినవి. పోలికకు తీసుకున్న ఇతర ప్రాంతాల పిల్లల్లో అలాంటివి 15 శాతం. కడుపులో ఉండగానే విలవిలలాడిన గుర్తులు 87 శాతంలో, పోలికలో 27. ఊపిరితిత్తుల పురుగుతో సంబంధం లేని న్యుమోనియా 65 శాతంలో, పోలికలో 19. కొన్నింట్లో బ్రుసెల్లా బ్యాక్టీరియా కూడా దొరికింది. నిండు నెలల్లో ఈసుకుపోయిన గేదెను చూస్తే మన పశువైద్యుడికి మొదట గుర్తొచ్చే పేరు అదే.

అంటే నష్టంలో పెద్ద భాగం చివరి నెలల్లో. ఆ పది తల్లుల రక్తం తీసింది ఆగస్టులో, ఈనాల్సింది మరుసటి వసంతం, వేసవి. మధ్యలో ఎన్నో నెలలు. జనవరిలోనో ఫిబ్రవరిలోనో రెండో ట్యూబు ఉంటే ఈ కేసు వేరేలా చదివేవాళ్లం. కానీ నిండు చూడి డాల్ఫిన్‌ను వలలో పట్టడానికి బాధ్యత ఉన్న వైద్యుడు ఎవరూ ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. ప్రశ్నకు జవాబు కోసం ప్రశ్ననే చంపుకున్నట్టవుతుంది.

అందుకని అడవి డాల్ఫిన్ దగ్గర మనకు దొరికేది ఎప్పటికీ ఆ తొలి నెలల ట్యూబు ఒక్కటే అనుకుని పని మొదలుపెట్టాలి. నా చేతికొస్తే వరస ఇది: ముందు రిలాక్సిన్, ప్రొజెస్టరాన్, మాయ పనిచేస్తోందా అన్నదానికి. తర్వాత వాపులో పెరిగే సీరం అమైలాయిడ్-ఏ, హాప్టోగ్లోబిన్, సెరులోప్లాస్మిన్, ఆల్బుమిన్, పొట్టి ఆయుష్షు నుంచి పొడుగు ఆయుష్షు వరకు. ప్లాస్మా ఉంటే ఫైబ్రినోజెన్. ఊపిరితిత్తుల స్కాన్ ఫలితం పక్కనే పెట్టుకుని, ఊపిరితిత్తులు బాగున్న తల్లినీ బాగాలేని తల్లినీ విడివిడిగా చదవాలి. ఆ తర్వాతే మిగిలిన సీరాన్ని మాస్ స్పెక్ట్రోమీటరుకు ఇవ్వాలి. ముందే ఇచ్చేస్తే వందల ప్రొటీన్ల జాబితా వస్తుంది, పది జంతువులకు వందల ప్రొటీన్లంటే ఏదో ఒకటి కాకతాళీయంగా తేడా చూపిస్తుంది.

ఇంకొకటి, ల్యాబులో కూర్చున్నవాడిగా పడవ మీదివాళ్లను అడిగేది. ట్యూబు మీద తేదీ, జంతువు నంబరు రాస్తారు, బాగుంది. అల్ట్రాసౌండ్‌లో పిండం తల వెడల్పు కొలిచినప్పుడు ఆ మిల్లీమీటర్లు కూడా అదే లేబుల్ మీద రాయండి. ఎన్నో నెలో తెలియని చూడి సీరం నా గీత మీద ఎక్కడ పెట్టాలో నాకు తెలియదు.